తన్నని తుపాకి

జింకను కోసేవాళ్ళకి దాన్ని కాల్చినవాడి సంగతి తెలిసిపోతుంది. వేట నుంచి వచ్చి ఎన్ని కబుర్లైనా చెప్పనీ, తోలు ఒలిచాక దాగేదేమీ ఉండదు. మా అత్తవారు హాస్లర్ల ఇంట్లో ముప్పై రెండేళ్ళుగా ఆ పని నాది. నవంబరు రాగానే షెడ్డులోంచి కారు బయటపెట్టి, నేల కడిగి, దూలానికి కొక్కేలు తగిలించి, కత్తులు నూరుకుని కూర్చుంటాను. మగవాళ్ళు జింకల్ని తెచ్చి వేలాడదీసి బీరు తాగడానికి పోతారు. వాళ్ళ గుణగణాలు నేనొక్కదాన్నే చూస్తాను. నా చిన్న మరిది రోమన్ నిదానస్తుడు. అతని జింకకి ముందుకాలి వెనకాల ఒకటే గాయం, ఊపిరితిత్తుల్లోంచి అవతలికి పోయి ఉంటుంది. పెద్ద మరిది క్లీటస్‌కి ఆత్రం ఎక్కువ. అతను తెచ్చినదానికి మూడు గాయాలుంటాయి, వాటిలో ఒకటి కచ్చితంగా తొడలో, మంచి మాంసం పాడయ్యేచోట.

ఇక మా ఆయన అర్బన్. అన్నదమ్ముల్లో పెద్దవాడు. పదేళ్ళుగా అతని జింకలన్నీ పొట్టలో దెబ్బ తినే వస్తున్నాయి. పేగులు చితికి, లోపలంతా పచ్చగా, భరించలేని వాసన. అలాంటి జింక వెంటనే చావదు. గంటల తరబడి నడిచి నడిచి ఏ పొదలోనో పడి చస్తుంది. నేను ఆ మాంసాన్ని ఉప్పునీళ్ళతో కడిగి, పనికిరానిది కోసి పారేసి, మిగిలింది సాసేజిలో కలిపేసేదాన్ని. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, అర్బన్‌తో అసలే అనలేదు. కాపురం చేసే ఆడది ఇంటి గుట్టు కాపాడుకోవాలి కదా అనుకున్నాను.

రెండువేల ఏడు మే నెలలో అర్బన్ కుడి భుజానికి ఆపరేషన్ అయింది. మేమిద్దరం పనిచేసే కుర్చీల ఫ్యాక్టరీలో ఓక్ పలకలు ఎత్తీ ఎత్తీ అది ఏనాడో అరిగిపోయింది. కట్టు విప్పిన రోజు డాక్టరు, పన్నెండు బోరు తుపాకిని ఇక ఈ భుజానికి ఆనించొద్దన్నాడు. మా ఇండియానాలో అప్పటిదాకా జింకల వేటకి రైఫిళ్ళు వాడనిచ్చేవారు కాదు. ఇళ్ళు దగ్గర దగ్గర, తూటా మైలు దాటి పోతుందని భయం. అందుకని అందరూ పన్నెండు బోరులో బొటనవేలంత సీసపు గుండు వేసి కాల్చేవాళ్ళు. అది గాడిదలా తన్నుతుంది. డాక్టరు మాటకి అర్బన్ తలూపి, ఇంటికొచ్చి వాలుకుర్చీలో కూలబడ్డాడు. జూన్, జూలై రెండు నెలలూ అక్కడే గడిచాయి.

అతని బెంగ భుజం గురించి కాదు, మూల గురించి. మా పొలాల వెనక నలభై ఎకరాల తోపు ఉంది. నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం కొందరు తోపులో దిగి జింకల్ని తోలితే, మిగిలినవాళ్ళు తుపాకులతో అంచుల్లో కాపు కాస్తారు. కంచె మలుపు తిరిగే ఉత్తరపు మూల నుంచే సగం జింకలు బయటికొస్తాయి. ఆ మూల ఇంటి పెద్దవాడిది. మా మామగారు నలభై ఏళ్ళు అక్కడ నిలబడ్డాడు. అంతకుముందు ఏడు అక్టోబరులో ఆయన పోతే, నవంబరులో అర్బన్ నిలబడ్డాడు.

నిలబడ్డ మొదటి ఏడే గొడవైంది. మూలలో అర్బన్, పక్క కాపులో క్లీటస్, ఇద్దరూ ఒకే ఆడజింకని ఒకేసారి కాల్చారు. అది కుంటుకుంటూ వాగు దాటింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. జింకని గాయపరచి పోగొట్టుకున్నవాడి చొక్కా వెనక అంచు కోసి కొట్టం గోడకి మేకు కొట్టడం మా వైపు ఆనవాయితీ. అన్నదమ్ములిద్దరూ నోరు మెదపలేదు. పెద్దవాణ్ణి అనలేరు కాబట్టి చొక్కా క్లీటస్‌ది కోశారు. ఆ జింకని నేను కోయలేదు, దాని గాయం చూడలేదు. కానీ అది ఎవరిదో నా మనసుకి తెలుసు. అప్పుడూ నోరు విప్పలేదు.

అప్పట్నుంచి క్లీటస్ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఆగస్టులో ఒక ఆదివారం చర్చి నుంచి అటే మా ఇంటికొచ్చి, వసారాలో పేకాటకి కూర్చున్నారు అన్నదమ్ములు ముగ్గురూ. ఆటలో నాలుగో చెయ్యి నాది.

"ఏం అన్నయ్యా, నవంబరులో మూలలో నీ బదులు దిష్టిబొమ్మని పాతమంటావా?" అన్నాడు క్లీటస్.

"ముక్క వెయ్" అన్నాడు అర్బన్.

"దిష్టిబొమ్మకైతే రెండు భుజాలూ బాగుంటాయి. నువ్వెళ్ళి వదిన పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగు."

"తరగడం రావాలంటే కత్తి వాటం తెలియాలి. మీ ముగ్గుర్లో ఎవరికీ తెలీదు" అన్నాను.

రోమన్ ఎప్పటిలాగే ముక్కల్లో తల దూర్చాడు. క్లీటస్ ఊరుకోలేదు. "పోనీ, ఈ ఏడు కొత్త చట్టమొచ్చిందిగా. పిస్తోలు తూటాలు వేసే రైఫిళ్ళు వాడొచ్చంట. అలాంటిదోటి కొనుక్కో. చంటిపిల్లని జోకొట్టినట్టు ఉంటదంట భుజం మీద."

అర్బన్ చేతిలోని ముక్కలు బల్ల మీద బోర్లించి లోపలికి వెళ్ళిపోయాడు. పుండు మీద కారం చల్లడమంటే అదే. నాకు క్లీటస్ మీద ఒళ్ళు మండింది. కానీ అతను ఎగతాళికన్న మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది.

సెప్టెంబరు మొదటి వారంలో నేనే పట్నం పోయి తుపాకులమ్మే కొట్లో అడిగాను. కొట్టతను పొట్టి రైఫిల్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. కింద మీట లాగితే తూటా ఎక్కుతుంది. చూడ్డానికి పాత కౌబాయ్ సినిమాల్లో ఉండేలాంటిదే. దాన్లో మాగ్నమ్ పిస్తోలు తూటా వేస్తారు. పిస్తోలులో వేస్తే చెయ్యి విరిచినంత పని చేసే తూటా, ఇంత పొడుగు గొట్టంలో పడేసరికి బుద్ధిగా ఉంటుందని, వంద అడుగుల్లో ఉన్న జింకకి చాలునని చెప్పాడు. ఇంకో డబ్బా కూడా ఇచ్చాడు. అవి అదే లావు, కొంచెం పొట్టి తూటాలు, అదే తుపాకిలో పడతాయి. వాటికి తన్ను దాదాపు ఉండదు. అభ్యాసానికే గాని వాటితో జింకని కొట్టడానికి చట్టం ఒప్పుకోదని రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి తెచ్చి చూపిస్తే అర్బన్ టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "బొమ్మ తెచ్చావా ఆడుకోడానికి?"

"అవును, ఆడుకోడానికే" అని కొట్టం వెనక్కి పోయాను. గుండ్రటి గడ్డిమోపుకి కాగితం పళ్ళెం గుచ్చి, నలభై అడుగులు వెనక్కి నడిచి, పొట్టి తూటాలు వేసి కాల్చాను. నేనూ పొలంలో పెరిగిన పిల్లనే, మా నాన్న దగ్గర ఎలుకల్ని కొట్టే చిన్న తుపాకి పేల్చినదాన్నే. నాలుగో తూటాకి వెనక అడుగుల చప్పుడైంది.

"ఎడమకి పోతున్నాయి" అన్నాడు అర్బన్.

"పోతే వచ్చి సరిచెయ్."

తీసుకున్నాడు. కుడి భుజానికి ఆనించి, మొహం చిట్లించి, కాల్చాడు. పళ్ళెం కింద గడ్డిలో దుమ్ము లేచింది. ఇంకోటి. మళ్ళీ గడ్డిలోనే. తుపాకి తన్నడం లేదు, భుజం నొప్పి లేదు, అయినా తూటాలు జానెడు కిందికే పోతున్నాయి. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. పొట్టలో దెబ్బలు ఎందుకు తగులుతున్నాయో నాకు అప్పుడర్థమైంది. పేలక ముందే మనిషి ఉలికిపడుతున్నాడు. ఏళ్ళ తరబడి పన్నెండు బోరు తన్నులు తిన్న ఒళ్ళు, తన్ను రాకముందే ముడుచుకుపోతోంది. ఆ తప్పుని అతను భుజం మీదికి నెట్టేశాడు.

"ఇటివ్వు. మీట లాగితే కుట్లు పట్టేస్తాయి. నేను ఎక్కించి ఇస్తాను" అన్నాను.

పక్కకి తిరిగి ఒకటి ఎక్కించి ఇచ్చాను, కాల్చాడు. ఇంకోటి ఇచ్చాను, కాల్చాడు. మూడోసారి తూటా లేకుండా మీట లాగి ఇచ్చాను.

అర్బన్ గురి చూసి ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది. ఏమీ పేలలేదు. కానీ గొట్టం మూతి మాత్రం ఎవరో తాడు కట్టి లాగినట్టు కిందికి దూకింది. అతని కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

కళ్ళు తెరిచి గొట్టం ఎక్కడుందో చూసుకున్నాడు. నా వంక చూశాడు. పక్క పొలంలో ఎవరిదో మొక్కజొన్న కోసే మిషను తిరుగుతోంది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు.

"తొంభై ఏడు నుంచి."

"ఎలా?"

"కోసేది నేనే గదా అర్బన్."

తుపాకిని జాగ్రత్తగా గడ్డిమోపుకి ఆనించాడు. "పదేళ్ళు. పదేళ్ళు నా మాంసం కడుగుతూ నోరు మూసుకు కూర్చున్నావా? ఒక్కసారి చెప్పుంటే అన్ని జింకలు అట్టా చచ్చేవా?"

అతని పరువు కాపాడానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నదంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయింది. నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే అతనితో గొడవ పడే ఓపిక లేక ఊరుకున్నాను, దానికి పరువని పేరు పెట్టాను.

ఎనిమిది రోజులు మాటల్లేవు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఉప్పు డబ్బా కావాలంటే లేచి తెచ్చుకోవడమే. తొమ్మిదో రోజు సాయంత్రం నేను అంట్లు కడుగుతుంటే, పొట్టి తూటాల డబ్బా తెచ్చి సింకు పక్కన పెట్టాడు.

"పద" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ నేను ఫ్యాక్టరీ నుంచి రాగానే కొట్టం వెనక్కి పోయేవాళ్ళం. నేను ఎక్కించి ఇవ్వడం, అతను కాల్చడం. ఏది నిండు తూటానో ఏది ఖాళీయో అతనికి తెలియకూడదు. మొదట్లో పదిసార్లకి పదిసార్లూ గొట్టం దూకింది. చిత్రమేమిటంటే, ఖాళీది టిక్కుమన్నప్పుడల్లా అతనికి నవ్వొచ్చేది. "చూశావా, ఎలా తల ముంచిందో, నీళ్ళలో బాతులాగా" అనేవాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప మేమిద్దరం అంతసేపు ఒకచోట నిలబడి ఒక పని చేసింది లేదు. అక్టోబరు మొదటికి పదిలో అయిదు. చివరికి రెండు. అప్పుడు మాగ్నమ్ తూటాలకి మారాం. చప్పుడు పెద్దది గాని తన్ను భుజానికి తెలిసేది కాదు. మళ్ళీ నాలుగుకి పెరిగి, మళ్ళీ రెండుకి దిగింది. ఆ రెండు మాత్రం ఏం చేసినా పోలేదు.

ఒకరోజు కాల్చడం అయ్యాక పేలిన తూటాల ఖాళీలు ఏరుతూ, తల వంచుకునే అన్నాడు. "నిరుటి ఆడజింక నాదే, డీలియా."

నా పేరు ఒడీలియా. డీలియా అని పిలిచేది అతనొక్కడే.

"అనుకున్నాను" అన్నాను.

"క్లీటస్ కొట్టింది తగల్లేదు. నాదే పొట్టలో తగిలింది. నెత్తురు ఎక్కడ పడిందో చూశాను, పచ్చగా. వాళ్ళొచ్చేలోగా కాలితో ఆకులు తోసి కప్పేశాను."

ఆకులు కప్పేశాడని నాకు తెలియదు.

"వాళ్ళతో చెప్పెయ్" అన్నాను.

"చెప్తే మూల పోతుంది. నాన్న చచ్చిపోయేముందు నా చేతిలో పెట్టాడు. ఏడాది తిరక్కుండా పోగొట్టుకుంటానా?"

"క్లీటస్ చొక్కా గోడ మీదుంది."

"తెలుసు. రోజూ చూస్తున్నాను గదా." ఖాళీలు జేబులో పోసుకుని ఇంట్లోకి నడిచాడు. ఇంక నేనేమీ అనలేదు. ఈసారి అనకపోవడం భయంతో కాదు. ఆ మాట అతని నోట్లోంచి రావలసిందే గాని నేను లాగితే విలువ ఉండదు.

వేట రోజు పొద్దున్నే నేల మీద మంచు పొరలా పేరుకుంది. నేను కూడా నారింజరంగు చొక్కా వేసుకుని, ఫ్లాస్కూ మడతపీటా పట్టుకుని బయల్దేరాను. ముప్పై రెండేళ్ళలో నేను వేటకి తోపు దగ్గరికి రావడం అదే మొదలు. రోమన్ కొడుకులిద్దరూ, అల్లుడూ తోలేవాళ్ళు. రోమన్ దక్షిణపు అంచుకి పోయాడు.

క్లీటస్ మమ్మల్ని చూసి ఆగాడు. "పీట తెచ్చుకున్నావు, ఫ్లాస్కు తెచ్చుకున్నావు, పెళ్ళాన్ని తెచ్చుకున్నావు. ఉయ్యాల మర్చిపోయావా అన్నయ్యా, ఆ చంటి తుపాకికి?"

"నీ కాపు దగ్గరికి నువ్వు పో" అన్నాడు అర్బన్. గొంతులో కోపం లేదు.

మూలలో నిలబడ్డాం. క్లీటస్ అరవై అడుగుల దూరంలో, కంచె పొడుగునా కనబడుతున్నాడు. తొమ్మిది దాటాక తోపులో కుర్రాళ్ళ కేకలు మొదలయ్యాయి. ముందు రెండు ఆడజింకలు దూకుతూ పోయాయి, మరీ వేగం. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మగజింక వచ్చింది.

నేను అంత పెద్దదాన్ని కొక్కేనికి వేలాడుతుండగా కూడా చూడలేదు. మెడ లావుగా, కొమ్ములకి పది కొసలు. పరిగెత్తడం లేదు. తోపు అంచుకొచ్చి, మాకు పక్కగా తిరిగి నిలబడి, వెనక్కి కేకల వైపు చెవులు పెట్టింది. నలభై అడుగులుంటుందేమో, పళ్ళెం పెట్టుకున్నంత దూరం.

అర్బన్ తుపాకి ఎత్తాడు. గొట్టం ముందుకాలి వెనక్కి చేరి ఆగింది. ఒక ఊపిరి తీశాడు. రెండు. మూడు. కొట్టు, కొట్టెయ్ అని లోపల్లోపల అనుకుంటున్నాను, దేవుడికి మొక్కుతున్నాను కూడా.

గొట్టం కిందికి దించాడు. జింక తొందరేమీ లేకుండా కంచె దాటి, కోసేసిన మొక్కజొన్న చేలోంచి నడుచుకుంటూ పోయింది.

"పదిలో ఆ రెంటిలో ఒకటి. ఉలుకు వస్తోందని ముందే తెలిసింది" అన్నాడు నెమ్మదిగా.

అటు చూస్తే క్లీటస్ మావైపే చూస్తున్నాడు. ఎత్తడమూ దించడమూ రెండూ చూశాడు.

మధ్యాహ్నం ట్రాక్టరు షెడ్డులో రోమన్ భార్య పంపిన బీన్స్ మాంసం పులుసు వేడి చేసుకుని, పెట్టెల మీద కూర్చుని తింటున్నాం. కుర్రాళ్ళు బయట రోమన్ కొట్టిన ఆడజింకని ట్రక్కులోకి ఎత్తుతున్నారు. లోపల నలుగురమే. నేను క్లీటస్ నోరు ఎప్పుడు తెరుస్తాడా అని బిక్కుబిక్కుమంటూ ఉన్నాను.

"చెయ్యి పట్టేసిందా అన్నయ్యా?" అన్నాడు క్లీటస్.

ఎగతాళిగా అనలేదు. ఆపరేషనైన మనిషి, చలిలో చెయ్యి పట్టేసింది, జింక పోయింది, అయిపోయింది. తప్పించుకోడానికి తమ్ముడు తలుపు తీసి పట్టుకున్నాడు, అన్న అందులోంచి నడిచిపోతే చాలు. రోమన్ కూడా అవునవును, పొద్దున చలి ఎక్కువే అన్నాడు.

అర్బన్ గిన్నె కింద పెట్టాడు.

"చెయ్యి బానే ఉంది. ట్రిగ్గర్ నొక్కేముందు ఉలికిపడతాను నేను. పదేళ్ళ నుంచి. ఇవాళ పడతానని ముందే తెలిసింది, అందుకని దించేశాను." కాస్త ఆగాడు. "నిరుటి ఆడజింక నాది. పచ్చ నెత్తురు నేను చూశాను. ఆకులు తోసి కప్పేశాను. నీ చొక్కా ఊరికే కోశారు, క్లీటస్."

క్లీటస్ గడ్డం గోక్కున్నాడు.

"చూశాను" అన్నాడు.

"ఏం చూశావు?"

"నువ్వు ఆకులు తొయ్యడం."

"మరి చొక్కా ఎందుకు కోయనిచ్చావురా?"

"అప్పటికి నాన్న పోయి నెల కాలేదు. మూలలో నిలబడి నీ మొహం ఎట్టా ఉందో నీకు తెలీదు. ఏం చెప్పమంటావు అందర్లో? ఐనా అది పాత చొక్కా."

అర్బన్ రోమన్ వైపు తిరిగాడు. రోమన్ పులుసులో బీన్సు గింజలు వెతుక్కుంటున్నాడు.

"నీకూ తెలుసా?"

"నీ జింకల్ని మోసుకొచ్చేది మేమే గదా అన్నయ్యా. వాసన రాకుండా ఎలా ఉంటది" అన్నాడు రోమన్, గిన్నెతోనే చెబుతున్నట్టు.

అంటే పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలా అని పదేళ్ళుగా ఇంటిల్లిపాదీ కూర్చున్నామన్నమాట. గుట్టంతా నా ఒక్కదాని చేతుల్లోనే ఉందనుకున్నాను నేను. తమ్ముళ్ళకి తెలియదనే అర్బనూ అనుకున్నాడు. అతను ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. లేచిపోతాడనుకున్నాను.

"తెలిస్తే ఏడాదంతా నన్నెందుకురా అట్టా పొడిచావు?" అన్నాడు క్లీటస్‌తో.

"పొడిస్తే నీ అంతట నువ్వే చెప్తావని. మామూలుగా అడిగితే చెప్పే మనిషివా నువ్వు? నాన్న కూడా అంతే, గునపం పెట్టి పెకలించాలి." క్లీటస్ దగ్గి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"తిన్నాక మూలలో నువ్వు నిలబడు" అన్నాడు అర్బన్.

"కుదరదు. మూల పెద్దోడిది."

"ఆ పెద్దోడే చెప్తున్నాడు. ఇది కూడా పట్టుకో." పొట్టి రైఫిల్ తీసి తమ్ముడి ఒళ్ళో పెట్టాడు. "ఒకటే తూటా వేసుకో. నీకు మూడు పేల్చే రోగముంది. మీ వదినని అడుగు, చెప్తది."

క్లీటస్ నా వైపు చూశాడు. "తొడలు పాడుచేస్తావు" అన్నాను. అదే నేను నోరు తెరిచి ఒక మగవాడికి అతని జింక గురించి చెప్పిన మొదటి మాట. రోమన్‌కి నవ్వొచ్చి పులుసు పొలమారింది.

"మరి నువ్వెక్కడ నిలబడతావు?" అన్నాడు క్లీటస్ అర్బన్‌తో.

"నిలబడను. కుర్రాళ్ళతో తోపులోకి పోతాను."

తోలడం మా ఇళ్ళలో కుర్రకారు పని. తుపాకి ఉండదు, ముళ్ళపొదల్లో దూరాలి, కుక్కల్లా మొరుగుతూ నడవాలి. అరవై ఒకటేళ్ళ ఇంటి పెద్ద ఆ పనికి దిగడం నేనెన్నడూ వినలేదు. సంగతి విని రోమన్ కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. అర్బన్ చేతికర్ర ఒకటి ఏరుకుని, మా ఎవరి వంకా చూడకుండా వాళ్ళ వెంట పోయాడు.

పీటా ఫ్లాస్కూ మూలలోనే ఉండిపోయాయి కాబట్టి నేనూ క్లీటస్ వెనకే నడిచాను. అతను కంచెకి ఆనుకుని కూర్చున్నాడు, ఎగతాళి చేసిన తుపాకి ఒళ్ళో పెట్టుకుని. ఒకటే తూటా వేసుకున్నాడు, నేను చూశాను. ఎండ కాస్త వెచ్చబడింది.

"వదినా, అన్నయ్య కోపంగా పోయాడా?" అన్నాడు. యాభై ఏడేళ్ళవాడు, చిన్నపిల్లాడి గొంతుతో అడిగాడు.

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలియదు. నాకూ అదే భయం పట్టుకుని ఉంది.

అప్పుడు తోపు అవతలి చివర నుంచి కుర్రాళ్ళ మొరుగుళ్ళు వినబడ్డాయి, సన్నగా, సిగ్గుసిగ్గుగా. వాటి వెనకాల ఇంకొకటి మొదలైంది. బొంగురుగా, పెద్దగా, ఊపిరి ఆడినంతసేపూ లాగి లాగి మొరుగుతోంది. మధ్యలో దగ్గు తెరొచ్చి ఆగింది, ఆ దగ్గు అర్బన్‌దే. మళ్ళీ మొదలైంది, ఈసారి ఊళ కూడా కలిసింది. కుర్రాళ్ళు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. అతనూ నవ్వుతున్నాడు, మొరుగులోనే తెలుస్తోంది. మేలో ఆపరేషనైన దగ్గర్నుంచి, కాదు, అంతకన్నా చాలా ముందు నుంచి, ఆ గొంతు అంత విచ్చలవిడిగా నేను వినలేదు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు.

క్లీటస్ తల వంచుకుని వింటున్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి, నవ్వుతున్నాడు కూడా. మా ముందు పాతిక అడుగుల్లో మూడు ఆడజింకలు ఒకదాని వెనక ఒకటి తోపులోంచి బయటికొచ్చి, మమ్మల్ని చూసి ఒక్కక్షణం నిలబడి, తాపీగా కంచె దూకి పోయాయి. రైఫిల్ అతని ఒళ్ళోనే ఉంది.

మూడోదాని తెల్లటి తోక చేలో కనబడకుండా పోయేదాకా చూసి, క్లీటస్ నా వైపు తిరిగాడు.

"అన్నయ్యకి చెప్పకు వదినా" అన్నాడు.

"చెప్తాను" అన్నాను.